శిశువు గొంతు గరాటా, గొట్టమా?

మత్తుమందు శాస్త్రపు పాత పాఠ్యగ్రంథము దేనిని తెరచినను పసిపిల్లల అధ్యాయములో ఒక బొమ్మ కనిపించును. అందులో రెండు గొంతులు ప్రక్కప్రక్కన గీసి ఉండును. పెద్దవారిది తిన్నని గొట్టము, శిశువుది గరాటు. పెద్దవారి వాయుమార్గములో అన్నిటికంటె ఇరుకైన చోటు స్వరతంత్రుల నడుమనున్న సందు అనియు, శిశువులో మాత్రము ఆ ఇరుకు మరికొంత దిగువను, ఉంగరము వంటి క్రికాయిడ్ మృదులాస్థి దగ్గర ఉండుననియు దాని భావము. అర్ధశతాబ్దము పైగా వైద్యవిద్యార్థులు దీనిని వల్లించినారు, పరీక్షలలో వ్రాసినారు, తాము ఉపాధ్యాయులైన తరువాత తమ విద్యార్థులచేత మరల వల్లింపజేసినారు. ఈ బొమ్మనుబట్టియే ఆపరేషను గదిలో ఒక నియమము కూడ స్థిరపడినది: ఎనిమిదేండ్లు నిండని పిల్లలకు గాలిబుడగ లేని గొట్టమునే వాడవలెను.

ఆ గొంతులను ఎవరు కొలిచినారు? కొలిచినప్పుడు ఆ పిల్లలు బ్రదికి ఉన్నారా? ఈ ప్రశ్నలు వేసికొనినవారు చాలకాలము వరకు బహు తక్కువ. బొమ్మ అంత ముచ్చటగా ఉన్నది మరి. ఈ వ్యాసములో ఆ బొమ్మను పరీక్షింతము. ఇది మత్తువైద్యము నేర్పు వ్యాసము కాదు. ఆ పని వైద్యకళాశాలలది. హైస్కూలులో శ్వాసక్రియ, ద్రవముల ప్రవాహము, కొలతలు అను పాఠములు చెప్పువారికి ఆ మూడును ఒకేచోట కలిసిన సందర్భము ఇంతకంటె మంచిది దొరకదని నా అభిప్రాయము.

అసలు గొంతులో గొట్టము ఎందుకు? మత్తులోనున్న మనిషి నిద్రలోవలెనే ఊపిరి తీయుచుండునని చాలమంది అనుకొందురు. అది సరికాదు. మత్తు లోతైనకొలది నాలుకయు గొంతు కండరములును సడలి వెనుకకు జారును, ఊపిరి మందగించును. కండరములను పూర్తిగా సడలించు మందు ఇచ్చినచో ఆగియే పోవును. అప్పుడు మత్తువైద్యుడు నోటిగుండా సన్నని గొట్టమును స్వరపేటిక దాటించి వాయునాళములో నిలిపి, దానిద్వారా రోగికి తానే ఊపిరి ఆడించవలెను.

పుట్టిన కొద్ది గంటలకో దినములకో శస్త్రచికిత్స అవసరమగు శిశువులు ఉన్నారు. అన్నవాహిక నడుమ తెగి పుట్టినవారు, మలద్వారము లేక పుట్టినవారు, ప్రేగు మెలిపడినవారు ఇట్టివారు. కొన్ని నెలలు ఆగి చేయదగినది గ్రహణము మొర్రి. పేరేమైనను దీనికి గ్రహణముతో ఏ సంబంధమును లేదు. గర్భములో మొదటి మాసములందు పెదవి, అంగిలి భాగములు ఒకదానితో ఒకటి కలియకపోవుటయే దీని కారణము. మన సీమలో ఇట్టి బిడ్డను ఎత్తుకొని తల్లిదండ్రులు ఆదోని నుండి, నంద్యాల నుండి కర్నూలు పెద్దాసుపత్రికి, రాయచోటి నుండి, ప్రొద్దుటూరు నుండి కడప రిమ్స్‌కు చేరుదురు. ఆ ప్రయాణము చేసివచ్చిన మూడు కిలోల బిడ్డ గొంతులో ఏ గొట్టము, ఎంత లావుది, ఎంత లోతున ఉంచవలెనను నిర్ణయమే మన విషయము.

చిన్నదానికి చిన్న గొట్టము వేసిన సరిపోదా అని తోచవచ్చును. సరిపోదు. ఎందుకో లెక్క వేసి చూడవలసినదే.

శిశువు గొంతులో ఆ ఉంగరము దగ్గర లోపలి అడ్డుకొలత సుమారు 4 మిల్లీమీటర్లు అనుకొందము. అనగా ఒక జొన్నగింజ పట్టునంత. గొట్టపు ఒరిపిడివలననో జలుబువలననో లోపలి పొర చుట్టును ఒక్క మిల్లీమీటరు వాచినదనుకొనుడు. మిగిలిన సందు 2 మిల్లీమీటర్లు. వైశాల్యము నాలుగవ వంతునకు పడిపోయినది. కాని గాలి ప్రవాహమునకు కలుగు అడ్డు నాలుగు రెట్లతో ఆగదు. 1840 ప్రాంతమున పొయిసెయి అను ఫ్రెంచి వైద్యుడు సన్నని గాజు గొట్టములలో ద్రవములను పారించి కనుగొనిన నియమము ప్రకారము, ప్రవాహము గొట్టపు వ్యాసార్ధము యొక్క నాలుగవ ఘాతమును అనుసరించును. వ్యాసార్ధము సగమైనచో అడ్డు పదహారు రెట్లు. అదే ఒక మిల్లీమీటరు వాపు పెద్దవారి గొంతులో వచ్చినచో? పాఠ్యగ్రంథములు పెద్దవారికి 8 మిల్లీమీటర్లు అని తీసికొని, అడ్డు మూడు రెట్లు అగునని చూపును. ఈ 8 అన్నది లెక్క తేలికకై తీసికొనిన అంకె. నిజమైన పెద్ద వాయునాళము సాధారణముగా అంతకంటె వెడల్పుగా ఉండును. 15తో లెక్క వేసినచో అడ్డు పావుతక్కువ రెండు రెట్లు మాత్రమే. అనగా పాఠ్యగ్రంథము శిశువు కష్టమును ఉన్నదానికంటె తక్కువ చేసి చూపినది!

కర్నూలు, కడప రైతుబిడ్డలకు దీనిని ఇంకొక విధముగా చెప్పవచ్చును. సుంకేసుల నుండి వచ్చు కె.సి. కాలువలో జానెడు పూడు పేరుకొనినను నీరు పారుచునే ఉండును. పొలము గట్టున ఉన్న పిల్లకాలువలో అదే జానెడు పూడు పడినచో మడికి నీరే అందదు. కాలువ పైన తెరచి ఉండునది గనుక పొయిసెయి నియమము దానికి వర్తించదు. అయినను ఒకే మందము పూడు పెద్దదానిని చేయని పని పిల్లదానిని చేయునను సంగతి పిల్లలకు వెంటనే అందును.

పదహారు అను అంకెను కూడ కొంచెము అనుమానముతో చూడవలెను. పొయిసెయి నియమము పొడవైన గొట్టములో ద్రవము పొరలు పొరలుగా, నెమ్మదిగా సాగునప్పటిది. గొంతులోని ఉంగరము పొడవైన గొట్టము కాదు. గొంతు వాచిన బిడ్డ ఏడ్చుచున్నప్పుడు గాలి నెమ్మదిగా సాగదు, సుడులు తిరుగును. అప్పుడు నాలుగవ ఘాతమునకు బదులు ఐదవ ఘాతము దగ్గరగా ఉండి, అడ్డు ముప్పదిరెండు రెట్ల వరకు పోవచ్చును. కనుక పదహారు అన్నది ఎవరును ఒక బిడ్డ గొంతులో కొలిచిన అంకె కాదు, ఒక నమూనా ఇచ్చిన అంకె. ఈ భేదమును పాఠ్యగ్రంథములు చెప్పవు. ఐనను ఈ నమూనా చూపు దిక్కు సరియైనదే.

ఈ అడ్డు సంగతి యంత్రములను చేయువారికి ఆలస్యముగా తెలిసినది. పెద్దవారి మత్తుయంత్రములోని కవాటములను పెద్దవారు ఎరుగకుండనే ఊపిరితో నెట్టివేయుదురు. శిశువునకు అవి గోడలు. ఇంగ్లండులోని న్యూకాజిల్ నగరములో ఫిలిప్ ఎయిర్ అను మత్తువైద్యుడు గ్రహణము మొర్రి పిల్లల కొరకు 1937లో ఆ కవాటములను అన్నిటిని తీసివేసి, టి అక్షరము ఆకారముగల ఒక చిన్న గొట్టముతో పని జరిపినాడు. 1950లో లివర్పూలు వైద్యుడు జాక్సన్ రీస్ దాని చివర తెరపి సంచి ఒకటి తగిలించినాడు. ఇంత సులభమైన పరికరము ఇంతటి మేలు చేయుట వైద్యచరిత్రలో తరచుగా కనిపించదు.

ఇక శిశువునకు కాలము కూడ తక్కువ. మూడు కిలోల బిడ్డ నిమిషమునకు సుమారు 20 మిల్లీలీటర్ల ప్రాణవాయువు ఖర్చు చేయును, అనగా కిలోకు దాదాపు 7. అరువది కిలోల పెద్దమనిషి కిలోకు దానిలో సగమే ఖర్చు చేయును. ఊపిరి విడిచిన తరువాత ఊపిరితిత్తులలో నిలిచియుండు గాలి మాత్రము ఇద్దరిలోను కిలోకు ఇంచుమించు 30 మిల్లీలీటర్లే. రాబడి సమానము, ఖర్చు రెట్టింపు. ఊపిరి ఆగకముందే ఊపిరితిత్తులను స్వచ్ఛమైన ప్రాణవాయువుతో నింపినచో, కాగితముమీద బిడ్డకు నాలుగు నిమిషములు, పెద్దవారికి దాదాపు తొమ్మిది నిమిషములు దొరకును. కాని ఇక్కడను కాగితము మోసము చేయును. శిశువు ప్రక్కటెముకలు మెత్తని మృదులాస్థి. మత్తులో కండరముల బిగువు పోయినప్పుడు ఛాతీ కుంగి, ఆ నిలువగాలి చాలవరకు తరిగిపోవును. ఉన్నదంతయు వాడుకకును రాదు. ఆపరేషను గదులలో చూచినచో, కొద్ది నెలల శిశువు రక్తములో ప్రాణవాయువు ప్రమాదపు మట్టమునకు దిగుటకు ఒకటిన్నర నిమిషము దరిదాపు మాత్రమే పట్టును. గొట్టము వేయుటకు వైద్యునికి ఉన్న గడువు అదే. రెండుమారులు ప్రయత్నించి కుదరనిచో మూడవమారు పట్టుదలకు పోక, ముందు ముఖముపై మాస్కుతో ఊపిరి ఆడించి బిడ్డను గులాబిరంగుకు తేవలెనని నిపుణులు చెప్పుటలోని రహస్యము ఈ చిన్న కూడిక తీసివేతయే.

శరీరనిర్మాణములోని తేడాలను త్వరగా చెప్పి ముందుకు పోవుదును. శిశువు తల పెద్దది, వెనుకకు పొడుచుకొని ఉండును. వెల్లకిల పరుండబెట్టినచో మెడ దానంతటదే ముందుకు వంగి గొంతు మూసికొనును. పెద్దవారికి తలక్రింద దిండు పెట్టుదురు. శిశువునకు భుజముల క్రింద చిన్న గుడ్డచుట్ట పెట్టవలెను. నోటికి నాలుక పెద్దది. స్వరపేటిక మెడలో ఎత్తున ఉన్నది. దానిపై మూతవంటి ఉపజిహ్విక పొడవుగా, మెత్తగా వ్రేలాడుచుండును. దానిని ఎత్తిపట్టుటకే రాబర్ట్ మిల్లర్ 1940 దశకములో తిన్నని అలుగును తయారుచేసినాడు.

వాయునాళము పొడవు విషయము మాత్రము కొంచెము ఆగి చూడదగినది. అప్పుడే పుట్టిన శిశువులో అది 4, 5 సెంటీమీటర్లకు మించదు, అనగా మన చూపుడువ్రేలంత కూడ లేదు. గొట్టము ఒక సెంటీమీటరు దిగినచో కుడి ఊపిరితిత్తి శాఖలోనికి జారి ఎడమదానికి గాలి అందదు. ఒక సెంటీమీటరు పైకి వచ్చినచో బయటకే వచ్చివేయును. బిడ్డ మెడ ముందుకు వంచిన గొట్టము దిగును, వెనుకకు వంచిన ఎక్కును. అందుచేత గొట్టమును అంటించిన తరువాత కూడ బిడ్డను కదిలించిన ప్రతిసారి రెండు ప్రక్కల ఛాతీపై స్టెతస్కోపు పెట్టి వినుట, వెలుపలికి వచ్చు గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉన్నదా అని యంత్రములో చూచుట తప్పనిసరి.

కుడి శాఖకే ఎందుకు జారును? అది ఎడమదానికంటె వెడల్పు, నిటారు. మన సీమ తల్లులకు ఈ సంగతి ఇంకొక దారిన తెలియవలసి ఉన్నది. కర్నూలువైపు బుడ్డలు, కడపవైపు చెనిక్కాయలు అని పిలుచుకొను వేరుసెనగ గింజ ఏడాది, రెండేండ్ల బిడ్డ నోటినుండి ఊపిరిగొట్టములోనికి పోయినచో, పెద్దల విషయములో తరచుగా చేరునది కుడి శాఖనే. గింజలోని నూనె లోపలి పొరను రేపి వాపు తెచ్చును, గింజ తడికి ఉబ్బును. దానిని తీయుటకు మత్తు ఇచ్చినప్పుడు గింజ తీయు వైద్యుని గొట్టము, మత్తువైద్యుని గాలి ఒకే సందులో పోవలెను. ఇట్టి మత్తు ఎంతో అనుభవముగలవారికి కూడ పరీక్షయే. నాలుగేండ్లలోపు పిల్లలకు గింజలు విడిగా పెట్టక నూరి, పొడిచేసి పెట్టుడని ఉపాధ్యాయులు తల్లిదండ్రుల సమావేశములో చెప్పినచో ఆ పరీక్షకు అవసరమే రాదు.

ఇప్పుడు గరాటు బొమ్మకు వత్తము.

ఆ బొమ్మను వైద్యలోకములో స్థిరపరచినది అమెరికా మత్తువైద్యుడు జేమ్స్ ఎకెన్‌హాఫ్ 1951లో వ్రాసిన వ్యాసము. గరాటు ఆకారమునకు ఆయన ఆధారము చేసికొనినది ఫ్రెంచి వైద్యుడు బయ్యో 1897లో ప్రకటించిన కొలతలు. అది డిఫ్తీరియా కాలము. ఆ వ్యాధిలో గొంతులో పొర పెరిగి పిల్లలు ఊపిరాడక చనిపోవుచుండిరి. ఊపిరి నిలుపుటకు గొంతులో గొట్టము వేయు పద్ధతి అప్పుడే వ్యాపించుచున్నది. గొట్టము ఆకారము తెలియుటకు గొంతు ఆకారము తెలియవలెను గనుక, బయ్యో మరణించిన పదునైదుగురు పిల్లల స్వరపేటికలలో అచ్చులు పోసి కొలిచినాడు. ఆ పిల్లల వయస్సు నాలుగు నెలలు మొదలు పదునాలుగేండ్ల వరకు. ఈ చివరి వాక్యమును మరల చదువుడు. అందులో అప్పుడే పుట్టిన శిశువు ఒక్కటియు లేదు!

అచ్చు పోసినప్పుడు ఏమగును? బ్రదికియున్న గొంతులో స్వరతంత్రులకు బిగువు ఉండును. అవి దగ్గరగా వచ్చి త్రిభుజాకారపు సన్నని సందును ఏర్పరచును. చనిపోయిన గొంతులో ఆ బిగువు లేదు. చిక్కని ద్రవమును పోసినచో మెత్తని భాగములన్నియు ప్రక్కలకు ఒత్తుకొని వెడల్పగును. మృదులాస్థితో చేసిన ఉంగరము మాత్రము ఒత్తుకొనదు. అచ్చు గట్టిపడిన తరువాత చూచినచో ఉంగరము దగ్గర నడుము సన్నగా కనబడక మానదు. అనగా గరాటు ఆకారము కొంతవరకు గొంతుది, కొంతవరకు కొలిచిన పద్ధతిది. మెత్తని సంచిలో బియ్యము పోసి నడుమ ఇత్తడి కడియము తొడిగినచో, సంచి పుట్టుకతోనే అక్కడ ఇరుకని చెప్పవచ్చునా?

బయ్యోను తప్పుపట్టుటకు వీలులేదు. ఆ నాటికి బ్రదికియున్న బిడ్డ గొంతు లోపల కొలుచు సాధనము లేదు. ఎకెన్‌హాఫ్‌ను కూడ పూర్తిగా తప్పుపట్టలేము. మృతదేహముల కొలతలు సజీవులకు అచ్చముగా వర్తింపకపోవచ్చునని ఆయన తన వ్యాసములోనే హెచ్చరించినాడు. తరువాతి గ్రంథకర్తలు బొమ్మను తీసికొని హెచ్చరికను వదలివేసినారు. నా విమర్శ వారిమీదనే. ఒక పుస్తకమును చూచి ఇంకొక పుస్తకము వ్రాయు పద్ధతి వైద్యములోనే కాదు, మన పాఠశాల పుస్తకములలోను ఉన్నది. షరతులు లేని వాక్యము పొట్టిగా ఉండును గనుక పిల్లలకు వల్లించుటకు సులభము.

2003లో అమెరికాలో లిట్‌మన్ అను వైద్యుడు, ఆయన సహచరులు అయస్కాంత అనునాద చిత్రములతో 99 మంది పిల్లల గొంతులను కొలిచినారు. ఆ పిల్లలు మందుతో నిద్రించుచు, తమంతట తామే ఊపిరి తీయుచున్నవారు. అడ్డముగా చూచినచో ఇరుకైన చోటు ఉంగరము కాదు, స్వరతంత్రుల మట్టమే అని తేలినది. 2009లో దలాల్ మున్నగువారు సన్నని గొట్టపు కెమెరాతో చూచి ఇంచుమించు అదే చెప్పినారు: పిల్లల గొంతు గరాటుకంటె గొట్టమునకే దగ్గర. ఉంగరము లోపలి సందు నిండు వృత్తము కాదు, అడ్డమునకు కొంచెము నొక్కుకొనిన దీర్ఘవృత్తము అనియు తెలిసినది.

ఈ దీర్ఘవృత్తము సంగతి చిన్నది కాదు. పాత పద్ధతిలో బుడగలేని గుండ్రని గొట్టమును ఆ ఉంగరములో ఇంచుమించు సరిపోవునట్లు వేయుదురు. సరిగా ఉన్నదో లేదో తెలియుటకు 20, 25 సెంటీమీటర్ల నీటి పీడనముతో గాలి నెట్టి, గొట్టము ప్రక్కనుండి కొంచెము గాలి కారుచున్నదా అని విందురు. కారినచో ఒత్తిడి లేదని ధైర్యము. కాని గుండ్రని కడ్డీని కోడిగ్రుడ్డు ఆకారపు రంధ్రములో దూర్చి చూడుడు. పొడవు దిక్కున రెండు చివరల సందు ఉండును, గాలి కారును. ఇరుకు దిక్కున రెండు ప్రక్కల ఒరయుచునే ఉండును. పరీక్షలో నెగ్గిన గొట్టమే లోపలి పొరను నొక్కి, రక్తము ఆడకుండ చేసి, ముందు వాపును, దీర్ఘకాలము ఉంచినచో మచ్చకట్టిన ఇరుకును తేగలదు.

అందుచేతనే కొంచెము సన్నని గొట్టము వేసి, దిగువన పలుచని బుడగను మెల్లగా నింపి సందు మూయు పద్ధతి వచ్చినది. ఐరోపాలోని 24 ఆసుపత్రులలో అయిదేండ్లలోపు పిల్లలు 2246 మందిపై జరిగిన పరీక్ష ఫలితములను వైస్ మున్నగువారు 2009లో ప్రకటించినారు. గొట్టము తీసిన తరువాత గొంతులో కూతవంటి చప్పుడు, అనగా వాపునకు గుర్తు, బుడగ గొట్టము వేసినవారిలో నూటికి 4.4 మందికి, బుడగ లేనిది వేసినవారిలో 4.7 మందికి వచ్చినది. తేడా లేనట్లే. కాని సరిపోలేదని గొట్టమును తీసి మరియొకటి వేయవలసి వచ్చుట బుడగ గొట్టములో నూటికి 2.1, బుడగ లేనిదానిలో 30.8! ఒకటిన్నర నిమిషము గడువుగల బిడ్డకు ఈ మార్పిడి ఎంత బరువో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడితో పాత బొమ్మను చింపివేసి క్రొత్త బొమ్మను గోడకు తగిలించుటకు తొందరపడువారు ఉన్నారు. వారితోను నాకు తగవు ఉన్నది. లిట్‌మన్ కొలిచిన పిల్లలలో అందరికంటె చిన్నది రెండు నెలలది. దలాల్ పిల్లలలో ఆరు నెలలది. బయ్యో లోపమునే వీరును పంచుకొనినారు, అప్పుడే పుట్టిన శిశువు వీరి లెక్కలోను లేదు. వైస్ పరీక్షలో మూడు కిలోల కంటె తక్కువ బరువుగల బిడ్డలను చేర్చలేదు. మన జిల్లాలలో శస్త్రచికిత్సకు వచ్చు నవజాత శిశువులలో అంతకంటె తక్కువ తూగువారు కొరవ కారు. ఇంకొక సంగతి. ఆ పరీక్షలో వాడినది పిల్లల కొరకు ప్రత్యేకముగా చేసిన పలుచని బుడగ. దాని పీడనము 20 సెంటీమీటర్ల నీటిమట్టము దాటకుండ కొలుచుచుండిరి. పీడనము కొలుచు సాధనము లేనిచోట, బుడగను వ్రేలితో నొక్కి అందాజు వేసికొనుచు ఆ ఫలితమును ఉదాహరించుట న్యాయము కాదు. పైగా బుడగకు చోటిచ్చుటకై 3.5 మిల్లీమీటర్ల గొట్టమునకు బదులు 3 మిల్లీమీటర్లది వేసినచో, పొయిసెయి లెక్కన అడ్డు దాదాపు రెట్టింపు అగును. యంత్రము ఊపిరి ఆడించుచున్నంతసేపు ఇది పెద్ద చిక్కు కాదు. బిడ్డ తానే ఊపిరి తీయవలసినప్పుడు చిక్కే. చివరకు, బొమ్మ మారినను ఉంగరము గట్టిది, స్వరతంత్రులు మెత్తనివి అను సత్యము మారలేదు. మెత్తని ఇరుకు దారి ఇచ్చును, గట్టి ఇరుకు ఇవ్వదు. వాపు వచ్చినప్పుడు ప్రమాదము ఇప్పటికిని ఉంగరము దగ్గరనే. ఎకెన్‌హాఫ్ బొమ్మ తప్పైనను, దానినుండి పుట్టిన జాగ్రత్త వ్యర్థము కాదు.

ఒకచోట కొలిచి మరియొకచోట వర్తింపజేయుట అను ఈ వ్యవహారములో మన తెలుగునేలకు కూడ ఒక ప్రసిద్ధమైన అధ్యాయము ఉన్నది. 1847 నవంబరులో క్లోరోఫారము వాడుకలోనికి వచ్చినది. 1848 జనవరిలోనే న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక గోరు తీయించుకొనుటకు క్లోరోఫారము పీల్చి చనిపోయినది. ఊపిరి ముందు ఆగినదా, గుండె ముందు ఆగినదా? ఈ వివాదము నలుబది ఏండ్లు నడచినది. హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ, తన ఎడింబరో గురువు సైమ్ పాఠము ప్రకారము, ముందు ఆగునది ఊపిరియే, నాడిని పట్టుకొని కూర్చుండక ఊపిరిని చూడుడు అని వాదించినాడు. నిరూపించుటకు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పోషణలో 1888లో ఒక సంఘము ఏర్పడి ఊరకుక్కలపై ప్రయోగములు చేసినది. లండను లాన్సెట్ పత్రిక నమ్మలేదు. నిజాము వెయ్యి పౌనులు ఇచ్చి, మీ మనిషినే పంపుడన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చి, నాలుగువందలకు పైగా జంతువులపై జరిగిన రెండవ ప్రయోగ పరంపరను చూచి లారీ పక్షమునకు మారినాడు. ఈ లారీ శిష్యులలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచములో తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేర్కొనుచుందురు.

ప్రయోగములు శ్రద్ధగా చేసినవే. లోపము ఎక్కడ? అక్కడ జంతువులకు క్లోరోఫారము మోతాదు మించి ఇచ్చినారు. మోతాదు మించినప్పుడు ముందు ఆగునది నిజముగా ఊపిరియే. కాని హన్నా గ్రీనర్ వంటివారు చనిపోయినది మోతాదు మించి కాదు, మత్తు ఇంకను తేలికగా ఉన్నప్పుడు, అకస్మాత్తుగా. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై తేలిక మత్తులోనే ప్రయోగము చేసి, ఆ స్థితిలో గుండె జఠరికలు లయతప్పి వణకి ఆగునని చూపినాడు. హైదరాబాదు సంఘము తాను చూచినదానిని సరిగా చూచినది. చూడనిదానిని గూర్చి కూడ తీర్పు చెప్పినది. నాడిని చూడనక్కరలేదన్న మాటతో వాదనలో గెలిచి శాస్త్రములో ఓడినది.

విచిత్రమేమనగా, లారీ మాట మొదటి సగము శిశువుల విషయములో నేటికిని చాలవరకు నిలుచును. శిశువు గుండె ఒక్కొక్క కొట్టుకు పంపు రక్తమును ఎక్కువగా పెంచుకొనలేదు, వేగముమీదనే ఆధారపడును. ప్రాణవాయువు తగ్గినచో ఆ వేగము పడిపోవును. మత్తులోనున్న బిడ్డ గుండె నెమ్మదించినప్పుడు అనుభవజ్ఞుడు మొదట అనుమానించునది గుండెను కాదు, గొట్టమును: జారినదా, మడతపడినదా, కళ్ళెతో మూసికొనినదా? లారీ ఎవరికొరకు చెప్పినాడో వారికి సగము తప్పిన మాట, ఆయన కొలవనే కొలవని పసికందులకు ఇంత దగ్గరగా సరిపోవుట యాదృచ్ఛికమే గాని, అందులో కారణము లేకపోలేదు. నాడిని వదలిపెట్టు రెండవ సగమును మాత్రము ఎవరును పాటించరు. జపానులో అయొయాగి 1974లో ప్రకటించిన సూత్రముతో పుట్టిన పల్స్ ఆక్సిమీటరు నేడు బిడ్డ అరిపాదమునకు చుట్టిన చిన్న పట్టీ. అది నాడిని, రక్తములోని ప్రాణవాయువును ఒకేసారి చూపి ఆ నలుబది ఏండ్ల తగవును ఒక తెరమీద కలిపివేసినది.

ఈ విషయమును తరగతిలో చూపదలచినవారికి ఒక ప్రయోగము. బిందుసేద్యపు సామాను అమ్ము అంగడిలో 2, 4 మిల్లీమీటర్ల లోపలి వ్యాసముగల గొట్టములు అడుగుడు. సరిగా ఆ కొలతలే దొరకనిచో దొరికినవానిని కొలిచి వ్రాసికొనుడు. రెండింటిని ఒక్కొక్క అడుగు పొడవుకు కోసి, ప్లాస్టికు సీసా అడుగు ప్రక్కన ఒక్కొక్కటిగా బిగింపుడు. సీసాలో ద్రవమట్టము ఎప్పుడును ఒకే ఎత్తున ఉండునట్లు పోయుచు, పది మిల్లీలీటర్లు కారుటకు పట్టు కాలమును గడియారముతో చూడవలెను. మొదట వేరుసెనగ నూనెతో, తరువాత నీటితో. నూనెతో చేసినప్పుడు రెండు కాలముల నిష్పత్తి పదహారుకు దగ్గరగా వచ్చును. నీటితో రాదు, చాల తక్కువ వచ్చును. వచ్చిన అంకెనే నల్లబల్లమీద వ్రాయించి, నీరు ఎందుకు మాట వినలేదో పిల్లలనే అడుగుడు.